వెలుగు ఎటు పోవాలో ట్యూబ్ లోపలే తేలితే

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను. ఇప్పుడు బాగుందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ ట్యూబ్‌లైట్ గురించి మాట్లాడతాను. గదిలో గోడకి ఉండే మామూలు ట్యూబ్‌లైట్ మనందరికీ తెలుసు. నేను చెప్పబోయేది అదే కుటుంబానికి చెందిన మరో రెండు రకాల గురించి. ఒకటి రిఫ్లెక్టర్ ల్యాంప్, రెండోది అపెర్చర్ ల్యాంప్. జెరాక్స్ మెషిన్‌లో బటన్ నొక్కగానే అద్దం కింద ఒక వెలుగు గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకుతుంది కదా? చాలా ఏళ్ళపాటు ఆ గీత వెనక ఉన్నది ఇలాంటి ట్యూబే. స్కానర్లలో, ఫ్యాక్స్ మెషిన్లలో, పక్క నుంచి వెలిగే సైన్ బోర్డుల్లో కూడా ఇవి పనిచేశాయి. ఇంత తెలివైన వస్తువు మన కళ్ళముందే ఉండి, ఎవరికీ పేరు కూడా తెలియకుండా కనుమరుగైపోతోంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు మామూలు ట్యూబ్ ఎలా వెలుగుతుందో రెండు నిమిషాల్లో చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది. గాజు గొట్టంలో గాలి తీసేసి కొద్దిగా ఆర్గాన్ లాంటి జడవాయువు నింపుతారు. చాలా తక్కువ పాదరసం వేస్తారు. రెండు చివర్లా టంగ్‌స్టన్ ఫిలమెంట్లు ఉంటాయి. కరెంటు పారినప్పుడు ఎలక్ట్రాన్లు వెళ్ళి పాదరసం పరమాణువుల్ని గుద్దుతాయి. అప్పుడు ఆ పరమాణువులు ముఖ్యంగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతిని వదులుతాయి. అది మన కంటికి కనపడదు. గొట్టం లోపలి గోడకి పూసిన తెల్లటి పొడి, అంటే ఫాస్ఫర్, ఆ కనపడని కాంతిని పీల్చుకుని కనపడే కాంతిగా వదులుతుంది. అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఫాస్ఫర్ రేణువు కాంతిని ఎటు వదులుతుంది? అన్ని వైపులకీ. దానికి దిక్కులు లేవు. గొట్టం చుట్టూ 360 డిగ్రీలూ వెలుగే. గదికి అది బాగానే సరిపోతుంది. కానీ కాగితం మీద కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక్క గీత మీదే వెలుగు కావాలనుకోండి. జెరాక్స్‌కి కావాల్సింది అదే. ఆ క్షణంలో లెన్స్ చూసేది ఆ సన్నటి గీతనే. మిగతా వైపులకి పోయిన వెలుగంతా వృథా. వృథా కావడమే కాదు, అది మెషిన్ లోపల అటూ ఇటూ తగిలి తిరిగొచ్చి, నల్లగా ఉండాల్సిన అక్షరాన్ని బూడిదరంగులోకి మారుస్తుంది.

మీలో చాలామందికి ఈపాటికే ఒక ఆలోచన వచ్చి ఉంటుంది. వెనకాల ఒక అద్దం పెడితే పోలా? పెట్టారు. చాలా మెషిన్లలో పెట్టారు కూడా. కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది చిన్నది: వెనక్కి పోయిన వెలుగు అద్దానికి తగిలి తిరిగొచ్చేటప్పుడు దారికి ట్యూబే అడ్డం పడుతుంది. రెండోది పెద్దది, ఇది జాగ్రత్తగా వినండి. ఎంత మంచి అద్దం పెట్టినా, ఎంత మంచి లెన్స్ పెట్టినా, ట్యూబ్ ఉపరితలానికి ఎంత బ్రైట్‌నెస్ ఉందో అంతకు మించి తెప్పించలేం. అద్దంలో కనపడేది ట్యూబ్ ప్రతిబింబం. ప్రతిబింబం అసలు కంటే ప్రకాశవంతంగా ఉండదు. ఇది అద్దం నాణ్యతకి సంబంధించిన విషయం కాదు, ప్రకృతి నియమం. అద్దం ఇంకా ఎక్కువ వైపుల నుంచి వెలుగు తెచ్చి పోయగలదు, అంతే. ట్యూబ్ బ్రైట్‌నెస్‌ని మాత్రం పెంచలేదు.

మరి కరెంటు పెంచితే? కొంత దూరం పనిచేస్తుంది. తర్వాత గొట్టం వేడెక్కుతుంది, లోపల పాదరసపు ఆవిరి ఎక్కువైపోతుంది, ఇచ్చిన కరెంటుకి తగ్గ వెలుగు రాదు. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

అంటే దారి ఒక్కటే మిగిలింది. వెలుగు ఎటు పోవాలన్న నిర్ణయం ట్యూబ్ బయట కాకుండా ట్యూబ్ లోపలే జరగాలి. ఈ రెండు ల్యాంపుల కథంతా ఆ ఒక్క వాక్యమే.

రిఫ్లెక్టర్ ల్యాంప్ సులువైనది, ముందు దాన్ని చూద్దాం. గాజుకీ ఫాస్ఫర్‌కీ మధ్య ఇంకో పొర వేస్తారు. సాధారణంగా టైటానియం డయాక్సైడ్, అంటే తెల్ల పెయింటుకి తెలుపునిచ్చే పదార్థమే. ఈ పొర చుట్టుకొలతలో సుమారు 235 డిగ్రీల మేర ఉంటుంది. మిగిలిన 125 డిగ్రీల భాగంలో ఫాస్ఫర్ ఒక్కటే ఉంటుంది. వెనక్కి పోబోయిన వెలుగు ఈ తెల్ల పొరకి తగిలి ముందుకి మళ్ళుతుంది. మొత్తం వెలుగు మామూలు ట్యూబ్ కన్నా కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి పొరా కొంత మింగుతుంది. కానీ కావాల్సిన వైపు ఎక్కువ పడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. బయట రేకు రిఫ్లెక్టర్ పెడితే దాని మీద దుమ్ము పేరుకుంటుంది, ఆర్నెల్లకి మసకబారుతుంది. ఇక్కడ రిఫ్లెక్టర్ గాజు లోపల భద్రంగా ఉంది. ట్యూబ్ నెత్తిన ఎంత దుమ్ము పడినా కిందకి వచ్చే వెలుగుకి పెద్ద నష్టం లేదు. దుమ్ము ఎక్కువుండే కార్ఖానాల్లో వీటిని ఇష్టపడింది అందుకే.

ఇక అపెర్చర్ ల్యాంప్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. దీనిలోనూ లోపల రిఫ్లెక్టర్ పొర ఉంటుంది, దాని మీద ఫాస్ఫర్ ఉంటుంది. కానీ గొట్టం పొడవునా ఒక సన్నటి చీలిక వదిలేస్తారు. ఆ చీలికలో రిఫ్లెక్టర్ లేదు, ఫాస్ఫర్ కూడా లేదు. వట్టి గాజు. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీల దాకా అవసరాన్ని బట్టి ఉంటుంది. తయారీలో ముందు గొట్టం లోపలంతా పూత పోస్తారు, ఆరనిస్తారు, తర్వాత పొడవాటి పనిముట్టు లోపలికి పెట్టి ఆ గీత మేర పూతని గీకేస్తారు. అంచు వంకర పోతే కాగితం మీద వెలుగు కూడా వంకరే.

వట్టి గాజు అన్నాను కదా, మరి ఆ చీలికలోంచి అతినీలలోహిత కిరణాలు బయటకి వచ్చి మన మీద పడవా? ఎవరైనా అడుగుతారనే చూస్తున్నాను. రావు. 254 నానోమీటర్ల కాంతిని మామూలు గాజు ఆపేస్తుంది. క్రిములని చంపే ల్యాంపులకి క్వార్ట్జ్ లాంటి ప్రత్యేకమైన గాజు వాడేది ఆ కిరణాలు బయటకి రావాలనే.

ఇప్పుడు చెప్పండి, వెలుగునిచ్చే ఫాస్ఫర్‌నే కొంత తీసేశాం కదా, వెలుగు తగ్గాలి కదా, మరి ఈ ల్యాంప్ గొప్పేమిటి? మామూలు ట్యూబ్‌ని బయట నుంచి చూసినప్పుడు మనకి కనపడేది ఫాస్ఫర్ వీపు. అతినీలలోహిత కాంతి తగిలేది లోపలి వైపు. అక్కడ పుట్టిన వెలుగు ఆ పొడి పొర మొత్తం దాటుకుని మన వైపుకి రావాలి. పొర పలచగా వేస్తే అతినీలలోహితం వృథాగా పోతుంది, మందంగా వేస్తే పొరే తన వెలుగుని తాను అడ్డుకుంటుంది. ట్యూబ్ తయారుచేసేవాళ్ళు ఈ రెండింటి మధ్య రాజీపడి మందం ఎంచుకుంటారు. అపెర్చర్ ల్యాంప్‌లో ఆ రాజీ అక్కర్లేదు. చీలికలోంచి తొంగిచూస్తే కనపడేది ఫాస్ఫర్ ముఖం. పొర ఎంత మందంగా ఉన్నా బాధ లేదు, మందంగా ఉంటే అదే ఇంకో రిఫ్లెక్టర్‌లా పనిచేస్తుంది.

అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. నాలుగు గోడలకీ సున్నం వేసి, ఒకే ఒక్క చిన్న కిటికీ వదిలిన గదిని ఊహించుకోండి. లోపల దీపం వెలిగిస్తే వెలుగు ఒక గోడ నుంచి ఇంకో గోడకి, అక్కడి నుంచి మరో గోడకి తగులుతూ తిరుగుతుంది, చివరికి కిటికీ దొరికినప్పుడు బయటపడుతుంది. అపెర్చర్ ల్యాంప్ లోపల జరిగేది అచ్చంగా ఇదే.

ఒక చిన్న లెక్క చేద్దాం, బోర్డు వైపు చూడండి. చీలిక 30 డిగ్రీలు, అంటే చుట్టుకొలతలో పన్నెండో వంతు. లోపలి గోడ తగిలిన వెలుగులో 90 శాతం తిప్పి పంపుతుందని అనుకుందాం. ఫాస్ఫర్ 100 వంతుల వెలుగిచ్చింది. మొదటి విడతలోనే సుమారు 8 వంతులు చీలికలోంచి బయటకి పోయాయి. 92 గోడకి తగిలాయి, 9 గోడ మింగింది, 83 మళ్ళీ లోపలికి వచ్చాయి. అందులో మళ్ళీ పన్నెండో వంతు బయటకి, మిగతాది గోడకి. ఇలా కూడుకుంటూ పోతే ఏం తేలుతుంది? లోపల తిరిగే వెలుగు మొదటి విడత కన్నా సుమారు 5.7 రెట్లు అవుతుంది. చీలికలోంచి చివరికి బయటపడేది పుట్టిన వెలుగులో సుమారు 48 శాతం. అర్థమైందా? సగం పైగా వెలుగు పోయింది. కానీ వచ్చిన ఆ సగం అంత సన్నటి గీతలోంచి వచ్చింది.

ఇప్పుడు అదే గోడతో చీలికని 60 డిగ్రీలు చేద్దాం. బయటకి వచ్చేది 67 శాతానికి పెరుగుతుంది, కానీ బ్రైట్‌నెస్ 5.7 రెట్ల నుంచి 4 రెట్లకి పడిపోతుంది. మొత్తం వెలుగు కావాలా, గీతలో బ్రైట్‌నెస్ కావాలా? రెండూ ఒకేసారి పెరగవు. ఇంకోటి చూడండి. చీలిక 30 డిగ్రీలే ఉంచి, గోడ 90కి బదులు 80 శాతమే తిప్పి పంపితే ఆ 5.7 కాస్తా 3.75 అయిపోతుంది. పది శాతం తేడాకి మూడో వంతు బ్రైట్‌నెస్ పోయింది. వెలుగు ఒక్కసారి కాదు, పదే పదే గోడకి తగులుతుంది కాబట్టి గోడలో ఉన్న లోపం ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది. లోపలి పొర శుభ్రతకి, నాణ్యతకి అంత ప్రాణం పెట్టేది అందుకే. ఈ లెక్క చాలా సరళీకరించినది, అసలు ల్యాంప్‌లో ఇంకా చాలా నష్టాలుంటాయి. కానీ పోకడ మాత్రం ఇదే.

దీనికున్న బలహీనత కూడా చెప్పాలి. చీలికలో గాజు బట్టబయలుగా ఉంది, ఫాస్ఫర్ రక్షణ లేదు. లోపలి డిశ్చార్జి, అంటే కరెంటు పారుతున్న వాయువు, తాకిడికి ఆ గాజు క్రమంగా నల్లబడుతుంది. సరిగ్గా వెలుగు బయటకి రావాల్సిన చోటే నల్లబడడం! అందుకని పారదర్శకంగా ఉండే పలచని రక్షణ పూత వేసే పద్ధతులు వచ్చాయి.

కాస్త చరిత్ర. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జార్జ్ ఇన్‌మన్ బృందం తయారుచేసిన ఫ్లోరసెంట్ ట్యూబ్ 1938లో మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తన మొదటి జెరోగ్రఫీ కాపీ, అంటే ఇప్పటి జెరాక్స్ పద్ధతిలో కాపీ, తీశాడు. గంధకం పూసిన జింకు పలక మీద "10-22-38 ఆస్టోరియా" అనే అక్షరాలు. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండూ తర్వాత ఒకే డబ్బాలోకి చేరాయి.

ఆ డబ్బాలోకి చేరాక ల్యాంప్ రంగు కూడా ముఖ్యమైపోయింది. పాత జెరాక్స్ మెషిన్లలో వెలుగు ఆకుపచ్చగా ఉండడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఎందుకు ఆకుపచ్చ? ఆ రోజుల్లో డ్రమ్ము మీద, అంటే కాగితం ప్రతిబింబం పడే గుండ్రటి స్తంభం మీద, వెలుగుకి స్పందించే సెలీనియం పూత ఉండేది. దానికి నీలం, ఆకుపచ్చ బాగా కనపడతాయి, ఎరుపు దాదాపు కనపడదు. డ్రమ్ముకి కనపడని ఎరుపుని తయారుచేయడానికి కరెంటు ఖర్చెందుకు? అందుకని మాంగనీస్ కలిపిన జింక్ సిలికేట్ లాంటి ఫాస్ఫర్ వాడారు. అది 525 నానోమీటర్ల దగ్గర చక్కటి ఆకుపచ్చనిస్తుంది. దీని ఫలితం కాపీలో తెలిసేది. ఎర్ర స్టాంపు నల్లగా పడుతుంది, లేత నీలం పెన్ను రాత సరిగ్గా రాదు. తప్పు పెన్నుదీ కాదు, మెషిన్‌దీ కాదు. ఏ రంగు వెలుగు వేసి చూస్తే ఆ రంగు అక్షరం తెల్ల కాగితంలో కలిసిపోతుంది. కలర్ స్కానర్లకి వచ్చేసరికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిపిన ఫాస్ఫర్లు వాడక తప్పలేదు.

ఇందాక పాదరసం సంగతి మళ్ళీ చెబుతానన్నాను. గొట్టంలో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంటే వెలుగు బాగా వస్తుంది. అప్పుడు పాదరసపు ఆవిరి పీడనం ఎంతో తెలుసా? ఒక పాస్కల్ కూడా ఉండదు, సుమారు 0.8. మన చుట్టూ ఉన్న గాలి పీడనం దాదాపు లక్ష పాస్కల్స్. ఆ కాస్త ఆవిరి కొంచెం తగ్గినా వెలుగు తగ్గుతుంది, కొంచెం పెరిగినా తగ్గుతుంది. పాత స్కానర్ ఆన్ చేయగానే "వార్మింగ్ అప్" అంటూ కూర్చునేది ఇందుకే. పని తొందరలో ఉన్నప్పుడు అది ఎంత విసుగు తెప్పించేదో! కానీ అది బద్ధకం కాదు, ట్యూబ్ స్థిరపడడం కోసం చూస్తోంది. స్థిరపడ్డాక కూడా ట్యూబ్ మధ్యలో ఒకలా, చివర్లలో ఇంకోలా ఉంటుంది. అందుకని స్కానర్ అద్దం అంచున, పై మూత కింద దాచిన ఒక తెల్ల పట్టీని ముందుగా చూసి, ఎక్కడ ఎంత వెలుగుందో లెక్క వేసుకుంటుంది.

మెరమెర కూడా ఒక సమస్యే. 50 హెర్ట్జ్ కరెంటు మీద పాత చోక్‌తో నడిపితే ట్యూబ్ సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. స్కానర్ సెకనుకి 100 మిల్లీమీటర్ల వేగంతో కదిలితే, ప్రతి మిల్లీమీటరుకీ ఒక నల్లటి పట్టీ. బొమ్మంతా చారలే! అందుకని వీటిని ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్‌లతో, అంటే కరెంటుని సెకనుకి 20,000 సార్లకు పైగా మార్చి ట్యూబ్‌కి పంపే పరికరాలతో, నడిపారు.

ఈ పాదరసం గొడవ వద్దనుకున్నవాళ్ళు జీనాన్ అనే జడవాయువు వైపు వెళ్ళారు. జీనాన్ ఎప్పుడూ వాయువే, వేడెక్కే దాకా ఆగాల్సిన పని లేదు, స్విచ్ వేయగానే పూర్తి వెలుగు. ఆ ట్యూబ్‌లలో ఎలక్ట్రోడ్లు లోపల ఉండవు, గాజుకి బయట పొడవునా రెండు లోహపు పట్టీలు అంటిస్తారు. వాటి మధ్య వదిలిన సందే చీలిక. కరెంటుకి వచ్చే వెలుగు మాత్రం పాదరసం ట్యూబ్ కన్నా తక్కువ. అక్కడ పుట్టే అతినీలలోహితం 172 నానోమీటర్లది, దాన్ని కనపడే కాంతిగా మార్చడంలో శక్తి ఇంకా ఎక్కువ పోతుంది.

ఇప్పుడు సైన్ బోర్డుల దగ్గరికి వద్దాం. అక్షరాలు గాల్లో వెలుగుతున్నట్టుండే పారదర్శకమైన బోర్డులు చూశారా? అది ఒక అక్రిలిక్ షీటు. వెలుగు దాని అంచులోంచి లోపలికి వెళ్తుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.49. దాని సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు, అంటే ముఖానికి లంబంగా గీసిన గీత నుంచి అంతకు మించిన కోణంలో లోపలి నుంచి తగిలిన కిరణం బయటకి పోలేదు. అంచులోంచి దూరిన కిరణం ఎంత వాలుగా వచ్చినా, లోపలికి వెళ్ళాక అంచుకి లంబంగా ఉన్న గీత నుంచి 42 డిగ్రీలకు మించి పక్కకి పోదు. అంటే పెద్ద ముఖానికి అది కనీసం 48 డిగ్రీల కోణంలో తగులుతుంది. 48 అంటే 42 కన్నా ఎక్కువ కాబట్టి బయటకి పోలేదు, లోపలే తిరిగిపోతుంది. షీటు మీద అక్షరం చెక్కిన చోట మాత్రం ఆ నునుపు చెదిరి వెలుగు బయటపడుతుంది. మన కంటికి అక్షరమే వెలిగినట్టు కనపడుతుంది.

మరి షీటు మందం 6 మిల్లీమీటర్లు, లావు ట్యూబ్ వ్యాసం 38 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల అంచులోకి 38 మిల్లీమీటర్ల ట్యూబ్ వెలుగు ఎలా పంపుతారు? చాలావరకు పక్కలకి పోతుంది. అదే 16 మిల్లీమీటర్ల సన్న ట్యూబ్‌కి 30 డిగ్రీల చీలిక పెడితే దాని వెడల్పు 4 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని అంచుకి ఆనించి పెట్టండి, అచ్చంగా సరిపోయింది. డబ్బా బోర్డుల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. రెండు వైపులా అక్షరాలుండే బోర్డు లోపల రిఫ్లెక్టర్ ట్యూబ్ పెట్టడం శుద్ధ దండగ. అక్కడ అన్ని వైపులా వెలిగే మామూలు ట్యూబే సరైనది. ఒక వైపే బోర్డు ఉండి, డబ్బా లోతు తక్కువైతే రిఫ్లెక్టర్ ట్యూబ్ పనికొస్తుంది.

వీటి కాలం ముగుస్తోంది, నిజమే. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాల మధ్య మినమాటా ఒప్పందం కుదిరింది. 2023లో ఆ ఒప్పందంలో ఉన్న దేశాల సమావేశం మామూలు పొడవాటి ఫ్లోరసెంట్ ట్యూబ్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులని 2027 నాటికి ఆపాలని నిర్ణయించింది. స్కానర్లలోకి ఎల్ఈడీలు ఎప్పుడో వచ్చేశాయి. కానీ ఎల్ఈడీ ఒక చుక్క, స్కానర్‌కి కావాల్సింది గీత. అందుకని ఎల్ఈడీ వెలుగుని ఒక సన్నటి ప్లాస్టిక్ కడ్డీలోకి చివర నుంచి పంపి, చుట్టూ తెల్లటి తొడుగు వేసి, ఒక వైపు పొడవునా చీలిక వదిలే పద్ధతి వచ్చింది. విన్నారుగా? తెల్లటి తొడుగు, పొడవునా చీలిక. దీపం మారింది, పద్ధతి అదే.

ప్రశ్నలు అడగండి. అవునమ్మా, చెప్పండి... పాత మెషిన్‌లో అపెర్చర్ ట్యూబ్ పోతే అదే సైజు మామూలు ట్యూబ్ వేయొచ్చా అని అడుగుతున్నారు. వెలుగుతుంది, కానీ కాపీ మసకగా, నల్లబడి వస్తుంది. లెన్స్ చూసే గీత మీద వెలుగు చాలదు, మిగతా వెలుగు లోపల చెల్లాచెదురవుతుంది. సరైన ట్యూబే దొరికినా, చీలిక కాగితం వైపు తిరిగి ఉందో లేదో చూడండి. కొంచెం పక్కకి తిరిగినా పేజీ ఒక వైపు నీడ పడ్డట్టు వస్తుంది.

వెనక ఉన్నాయన... ట్యూబ్ పగిలితే ఏం చేయాలి? మంచి ప్రశ్న. ముందు కిటికీలు తెరిచి, అందరూ ఆ గదిలోంచి ఐదు పది నిమిషాలు బయటకి వెళ్ళండి. వ్యాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, చీపురుతోనూ ఊడవొద్దు, రెండూ పాదరసాన్ని గదంతా చిమ్ముతాయి. చేతికి గ్లౌజులు వేసుకుని, గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తండి. మిగిలిన పొడిని జిగురు టేపుతో అద్దినట్టు తీయండి. చివర్లో తడి కాగితంతో తుడిచి, అన్నిటినీ మూత గట్టిగా పట్టే సీసాలో వేసి, మామూలు చెత్తలో కలపకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.